జంక్షన్ గదిలో సర్వర్: పోర్టు తెరవొద్దు



హనుమాన్ జంక్షన్‌లో మనవాళ్ళ అద్దెగదిలో పాత ల్యాప్‌టాప్ ఒకటి సర్వర్‌గా నడుస్తోందని మీకు తెలుసు. పాత ప్రశ్నపత్రాలు, నోట్సు, మన పెద్దవాళ్ళ పాటల రికార్డింగులు అందులో ఉన్నాయి. నూజివీడు, గుడివాడ, ఏలూరులో చదివేవాళ్ళు బస్సు మారేటప్పుడు పెన్‌డ్రైవ్‌తో ఆగి కాపీ చేసుకెళ్తున్నారు. ఇప్పుడు దాన్ని నెట్‌లో పెట్టేద్దాం, రూటర్‌లో పోర్టు తెరిస్తే పది నిమిషాల పని, స్కాలర్‌షిప్ కాగితాలు కూడా అందులోనే దాచుకుందాం అంటున్నారు కొందరు. నెట్‌లో పెట్టడానికి మేమూ సరే. పోర్టు తెరవడానికి మాత్రం ఒప్పుకోం.

"మన గది అడ్రస్ ఎవరికి తెలుస్తుందిలే" అన్నారు ఒకరు. పాతరకం ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికీ సుమారు 430 కోట్లే. వాటన్నిటినీ ముప్పావుగంటలోపు తట్టి చూడొచ్చని 2013లోనే జెడ్‌మ్యాప్ అనే పనిముట్టు చేసి చూపించింది. పైగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర ఉచిత సర్టిఫికెట్ తీసుకోగానే మన సైటు పేరు అందరూ చూడగల జాబితాలోకి ఎక్కేస్తుంది. ఇక దాచేదేముంది? 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, జనం ఇళ్ళల్లో పెట్టుకున్న క్యూనాప్ స్టోరేజీ పెట్టెల్లోకి దూరి ఫైళ్ళకి తాళమేసి డబ్బులడిగింది. అవి నేరుగా నెట్‌కి తెరిచి ఉన్న పెట్టెలే.

అసలు మన కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. రూటర్‌లో వాన్ అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే పోర్టు తెరిచినా బయటివాళ్ళు లోపలికి రాలేరు.

కాబట్టి మేము చెప్పేది, రెండూ వేరు చేద్దాం. ప్రశ్నపత్రాలు, నోట్సు క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ద్వారా అందరికీ పెడదాం. ల్యాప్‌టాపే బయటికి కనెక్షన్ కలుపుకుంటుంది, రూటర్ జోలికి పోనక్కర్లేదు. అయితే ఆ దారిలో వెళ్ళేది మధ్యలో ఆ కంపెనీ సర్వర్లలో విప్పబడుతుంది. నోట్సుకి ఫర్వాలేదు. కుల ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కాపీలకి పనికిరాదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, మరి పుట్టినతేదీ? ఆ కాగితాలు టెయిల్‌స్కేల్ లోపలే ఉండాలి. అది వైర్‌గార్డ్ మీద కట్టింది, మనం చేర్చిన ఫోన్లకి తప్ప ఆ ఫోల్డర్ కనపడదు. (ఇప్పుడు అవే కాపీలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి, అది వేరే బాధ.) పాటలైతే, పాడినవాళ్ళని అడక్కుండా ఏ దారిలోనూ బయటపెట్టొద్దు.

మాకు అసలు భయం హ్యాకర్ల గురించి కూడా కాదు. చూసుకునే అన్న కోర్సు అయిపోయి ఉద్యోగానికి వెళ్ళిపోతే అప్‌డేట్లు ఎవరు వేస్తారు? పాతవాళ్ళ ఫోన్లు జాబితాలోంచి ఎవరు తీస్తారు? ఇద్దరు పేర్లివ్వాలి, అందులో ఒకరు మొదటి సంవత్సరం వాళ్ళయి ఉండాలి. పేర్లు వచ్చేదాకా సర్టిఫికెట్లు ఎక్కించం. టన్నెల్ పని మాత్రం ఈ ఆదివారం మొదలుపెడతాం, నేర్చుకోవాలనుకునేవాళ్ళు గదికి రండి. రూటర్‌కి చిన్న యూపీఎస్ ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి, కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది గానీ దానికి లేదు.