మన యాసను చూసి నవ్వడం వేరు, మన యాసలో నవ్వడం వేరు

కామెడీ సినిమాల మీద అభిప్రాయం లేని మనిషి మన ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. రాజకీయాలు అడిగితే "మాకెందుకులేప్పా" అని తప్పుకునే పెద్దలు కూడా, జంధ్యాల గొప్పా ఈవీవీ గొప్పా అని అడిగితే మాత్రం అన్నం తిన్న చెయ్యి ఎండిపోయేదాకా వాదిస్తారు. పిల్లలు 'జాతిరత్నాలు' అంటారు, నడివయసు వాళ్ళు 'జంబలకిడి పంబ' అంటారు, అవ్వలు 'గుండమ్మ కథ' దగ్గర్నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు రారు. ఈ తగువు తీర్చడం మా పని కాదు. ఏ కామెడీ గొప్పది అనేదానికంటే, ఏ కామెడీ మనలాంటి ఇళ్ళకు మంచిది అన్నది మాకు ముఖ్యం. దాని మీద మాకు తోచింది నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు మా సంగతి. మాది కోలారు జిల్లా, ముళబాగిలు వైపు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. తెలుగు అక్షరాలు మాకు ఏ అయ్యవారూ నేర్పలేదు. కన్నడ అక్షరం నెత్తిన అడ్డగీత ఉంటే తెలుగు అక్షరం నెత్తిన టిక్కు మార్కు ఉంటుంది, అంతే కదా అనుకుని సినిమా పోస్టర్లు కూడబలుక్కుంటూ చదివి నేర్చుకున్నాం. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఏది ఎక్కడ తప్పుతోందో వెతకడమే మా జీతం. ఆ బుద్ధి సినిమా చూసేటప్పుడు కూడా ఊరుకోదు మరి.

కన్నడానికీ తెలుగుకూ మధ్య నవ్వు ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'కు మూలం 1958లో విఠలాచార్య తీసిన కన్నడ సినిమా 'మనె తుంబిద హెణ్ణు'. గుండమ్మ అన్న పేరు కూడా అక్కడిదే. సూర్యకాంతం గారి గయ్యాళితనాన్ని చూసి నవ్విన కోస్తా జనం, ఆ పేరు కన్నడం పేరని ఆలోచించి ఉండరు. మా అవ్వలకు మాత్రం అది పక్క వీధి పేరు. ఆ సినిమాలో నవ్వు గుండమ్మ ఏ ఊరి మాట మాట్లాడుతుంది అన్నదాంట్లో లేదు. సవతి కూతురిని పనిమనిషిని చేసి, సొంత కూతురిని నెత్తిన పెట్టుకున్న ఆమె బుద్ధిలో ఉంది. ఆ బుద్ధి కోలారులోనూ ఉంది, కాకినాడలోనూ ఉంది.

జంధ్యాల గారి గొప్పదనం కూడా మాకు అక్కడే కనిపిస్తుంది. 'అహ నా పెళ్ళంట' 1987 నాటిది. పిసినారి లక్ష్మీపతి వేషంలో కోట శ్రీనివాసరావు కోడిని ఇంట్లో వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే సీను తెలియని తెలుగు ఇల్లు ఉండదు. దానికి మాటలు కూడా అక్కర్లేదు. టీవీ సౌండు తగ్గించి పెట్టినా నవ్వొస్తుంది. మాటలతో నవ్వించాలన్నా ఆయనే. 1982లో 'నాలుగు స్తంభాలాట' వచ్చాక వీరభద్రరావు గారికీ వేలు గారికీ 'సుత్తి' ఇంటిపేరై కూర్చుంది. అదే విసుగు పనిని కన్నడంలో 'కొరెయోదు' అంటారు, అంటే తొలవడం. తెలుగువాడు నెత్తి మీద సుత్తితో కొడతాడు, కన్నడంవాడు చెవిలో రంధ్రం తొలుస్తాడు. మా ఇంట్లో రెండూ వాడతాం. చుట్టం పొట్టివాగుడు అయితే సుత్తి, గంటలకొద్దీ అయితే కొరెత. రెండు భాషల ఇంట్లో పుట్టడం వల్ల వచ్చే చిన్న లాభం ఇది.

నష్టం కూడా ఉంది. చాలాకాలంగా మన పెద్ద సినిమాల్లో యాస అంటేనే కామెడీ అయిపోయింది. హీరో మాట్లాడేది ఒక రకం తెలుగు. పనివాడు, వాచ్‌మెను, తెలివి తక్కువ బావమరిది, వీళ్ళకు మాత్రం ఒక యాస తగిలిస్తారు. శ్రీకాకుళం వాళ్ళు, తెలంగాణ వాళ్ళు ఈ బాధ ఎన్నేళ్ళు పడ్డారో వాళ్ళే చెప్పారు. రాయలసీమ మాటకైతే కత్తి పట్టినవాడి వేషం, లేకపోతే వాడి పక్కన నిలబడి నవ్వించేవాడి వేషం. ఇక మనలాంటి బయటి తెలుగువాళ్ళ సంగతి సరే సరి. బెంగళూరు తెలుగు, హోసూరు తెలుగు, బరంపురం తెలుగు తెర మీదికి వచ్చాయంటే తొంబై పాళ్ళు నవ్వుకోవడానికే.

అది సినిమాతో ఆగితే ఇంత రాయం. మా అన్న కూతురు నాలుగో తరగతి. సెలవులకు పెద్ద ఊళ్ళోని చుట్టాలింటికి పోయినప్పుడు "నీళ్ళు ఉండాయా" అని అడిగింది. అక్కడి పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వినారు. ఒక సినిమాలో ఎవరో కామెడీ మనిషి అట్లాగే అంటాడంట. వాళ్ళు చెడ్డపిల్లలేమీ కాదు. ఆ మాట ఎక్కడ విన్నా నవ్వాలని తెర నేర్పింది, వాళ్ళు నవ్వినారు. ఆ రోజు నుంచి మా పాప తెలుగు ఇంట్లోనే, అదీ అవ్వతోనే. మిగతావాళ్ళతో ఇంగ్లీషు. ఒక తమాషా మాటకు ఒక పిల్ల నోట్లోని భాష మూతబడింది. రెండు మూడు వందల ఏళ్ళు కన్నడ సీమలో నిలబెట్టుకున్న మాట అది, తెలుసా!

అందుకే 'సినిమా బండి' మాకు అంత నచ్చింది. 2021లో నెట్‌ఫ్లిక్సులో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దీనితోనే డైరెక్టరు అయ్యారు, రాజ్, డీకే నిర్మాతలు. వీరబాబు అనే ఆటోవాడికి ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్ళి ఫొటోలు తీసే గణను పక్కన పెట్టుకుని, ఊళ్ళోవాళ్ళతోనే సినిమా తీసేద్దామని బయలుదేరతాడు. క్షౌరం షాపు మరిడేశు హీరో. మొదట దొరికిన హీరోయిను తన ప్రియుడితో లేచిపోతే, కూరగాయలమ్మే మంగ హీరోయిను అవుతుంది. షాటుకూ షాటుకూ పొంతన కుదరకపోతే పట్టేసే చిన్నపిల్లవాడు ఒకడున్నాడు. వాణ్ణి చూస్తే మాకు మా టీములో మనిషిని చూసినట్టే ఉంది.

ఆ సినిమాలో మాట ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెల మాట. అందరూ అదే మాట్లాడతారు. హీరో అట్లే, హీరోయిను అట్లే, వీరబాబు పెళ్ళాం మొగుణ్ణి తిట్టడమూ అట్లే. పక్కన 'మంచి తెలుగు' మాట్లాడేవాడు నిలబడి లేడు కాబట్టి, ఎవరి మాటా వింతగా వినబడదు. నవ్వంతా వేరేచోట ఉంది. సినిమా హిట్టయితే డబ్బులొస్తాయి, ఊరికి రోడ్డొస్తుంది, నీళ్ళొస్తాయి అని వీరబాబు పెట్టుకున్న ఆశ, దానికీ వీళ్ళ చేతిలో ఉన్న సరంజామాకూ మధ్య దూరం, నవ్వంతా అందులోంచే వస్తుంది. నవ్వుతూనే వాళ్ళు గెలవాలని కోరుకుంటాం.

ఇక ఫిల్మ్ ఫెస్టివల్ సంగతి. అవార్డు సినిమా అంటే ఏడుపు సినిమా అని మన ఇళ్ళల్లో గట్టి నమ్మకం. నవ్వితే అవార్డు రాదని కూడా అనుకుంటారు. 'తిథి' అనే కన్నడ సినిమా ఈ మాటను తిప్పికొట్టింది. రామ్ రెడ్డి తీసిన ఈ సినిమా 2015లో స్విట్జర్లాండులోని లొకార్నో ఫెస్టివల్‌లో కొత్త దర్శకుల విభాగంలో బంగారు చిరుత గెలిచింది. తర్వాత కన్నడంలో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. మండ్య జిల్లా పల్లెలో నూటొక్క ఏళ్ళ సెంచురీ గౌడ చనిపోతాడు. పదకొండో రోజు తిథి అయ్యేలోగా మనవడు భూమి అమ్మేయాలని చూస్తాడు, మునిమనవడు ఒక పిల్ల వెంట తిరుగుతాడు, కొడుకు గడ్డప్పకు ఇవేవీ పట్టవు, తన తిరుగుడు తనది. నటించినవాళ్ళంతా ఆ పల్లెల మనుషులే. చావింటి కథే అయినా పొట్ట పట్టుకుని నవ్వొస్తుంది. అట్లాగే 2022లో బూసాన్ ఫెస్టివల్‌లో న్యూ కరెంట్స్ అవార్డు తెచ్చుకున్న 'శివమ్మ'. కొప్పళ వైపు పల్లెలో బడి వంటమనిషి గొలుసు వ్యాపారంలో దిగి, ఊరందరికీ శక్తి పొడి అమ్మాలని పట్టే మొండిపట్టు. అది చూస్తే ఒక్కసారి నవ్వు, ఒక్కసారి భయం.

ఇలాంటి సినిమాలు ఫెస్టివల్ హాల్లో చూసినప్పుడు మేం ఒకటి గమనించాం. నవ్వు రెండుసార్లు వస్తుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు చదివేవాళ్ళు, మనిషి మాట పూర్తి కాకముందే నవ్వేస్తారు. భాష తెలిసినవాళ్ళు మాట పూర్తయ్యాక, దాని విరుపు విని, అప్పుడు నవ్వుతారు. తిట్టు వచ్చినప్పుడైతే చెప్పనక్కర్లేదు. కింద ఒక్క ముక్కలో 'వెధవ' అన్నట్టు ఏదో పడుతుంది, పైన అసలు తిట్టులో మూడు తరాలు ఉంటాయి. ఆ రెండో నవ్వు మన ఆస్తి. సబ్‌టైటిల్ ఎంత బాగా రాసినా దాన్ని అందుకోలేదు.

అయితే ఫెస్టివల్ జనాన్నీ ఊరికే మెచ్చుకోలేం. పల్లెటూరివాడు బీడీ వెలిగించినా నవ్వే పట్నం ప్రేక్షకులు అక్కడా ఉంటారు. పెద్ద సినిమా యాసను చూసి నవ్వమంటుంది, వీళ్ళు మనిషినే చూసి నవ్వుతారు. తప్పు ఒకటే, టికెట్టు వేరు.

2023లో వచ్చిన 'బలగం'కు ఆ బాధ తప్పింది. తీసిన వేణు యెల్దండి అంతకుముందు కమెడియన్. ఇదీ చావింటి కథే. తాత పిండాన్ని కాకి ముట్టదు, నల్లిబొక్క దగ్గర మొదలైన తగువు తోబుట్టువులను ఏళ్ళ తరబడి విడదీస్తుంది. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టి, జనమంతా కలిసి చూశారు. కథ ఎవరిదో వాళ్ళే ముందు వరసలో కూర్చున్నారు. అలాంటిచోట నవ్వు తప్పుదారి పట్టదు.

"యాస మీద కాస్త నవ్వుకుంటే ఏమైందప్పా, మనం మాత్రం మద్రాసు చుట్టాల తెలుగును వెక్కిరించడం లేదా?" అని మా చిన్నాయన అంటారు. నిజమే. ఇంట్లో ఒకరినొకరు వెక్కిరించుకుంటాం, వాళ్ళూ తిరిగి వెక్కిరిస్తారు. తిరిగి అనగలిగినంతకాలం అది సరసం. తెర మీదివాడిని మనం తిరిగి ఏమీ అనలేం, అదే తేడా.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఒక్కొక్క భాగం తీసేసి మళ్ళీ నడిపి చూస్తాం. కామెడీకీ అదే పెట్టండి. ఆ సీనులో యాస తీసేసి, పాత్ర చేత మామూలు మాట మాట్లాడించండి. నవ్వు మిగిలిందా? 'అహ నా పెళ్ళంట' మిగులుతుంది, 'గుండమ్మ కథ' మిగులుతుంది, 'సినిమా బండి' రుచి తగ్గినా మిగులుతుంది. ఏమీ మిగల్లేదంటే అక్కడ జోకు లేదు, మీ అవ్వ గొంతే జోకు. అలాంటిది పిల్లల ముందు పెట్టకండి, పెట్టినా ఊరుకోకుండా ఆ మాట చెప్పండి.

ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలంతా ఊరికి చేరినప్పుడు మేం ఇంటి గోడకు దుప్పటి కట్టి 'సినిమా బండి' వేద్దామనుకుంటున్నాం. సబ్‌టైటిల్ తీసేసి వేస్తాం. అర్థం కాని మాట వస్తే పక్కనున్న అవ్వనో పెద్దమ్మనో అడగాల్సిందే. మా పాపకు అడిగే పని తక్కువే ఉంటుంది. ఆ తెర మీద ఎవరైనా "ఉండాయా" అంటే, మిగతా పిల్లలకు అదేమిటో చెప్పాల్సింది తనే. మీ ఇళ్ళల్లో కూడా ఒకసారి వేసి చూడండి. బళ్ళారిలో, బరంపురంలో, యానాంలో మీ మాటకు దగ్గరగా మాట్లాడే కామెడీ ఏదైనా మీకు తెలిస్తే, దాని పేరు మాకూ చెప్పండి.