బీడు అన్నది మనమే

మొన్న సెప్టెంబరులో ఒక ఆదివారం కారు ఇంటి దగ్గరే వదిలేసి, అమ్మాయితో కలిసి నేపర్‌విల్‌లో మెట్రా రైలెక్కాను. కారు వద్దని పట్టుబట్టింది అమ్మాయే. తర్వాతి స్టేషను లైల్. అక్కణ్ణుంచి మైలున్నర నడిస్తే మోర్టన్ ఆర్బోరీటం అనే వృక్షవనం, దాని పడమటి వైపున షులెన్‌బర్గ్ ప్రెయిరీ అనే గడ్డిమైదానం. 17 ఏళ్లుగా ఇలినాయ్‌లో ఉంటున్నా, ఇంటికి ఇంత దగ్గరలో మనిషి ఎత్తు గడ్డి ఉందని నాకు తెలియదు. తెలియదనడం పూర్తి నిజం కాదు. అటుగా కారులో పోతూ ఆర్బోరీటం బోర్డు ఎన్నోసార్లు చూశాను. గడ్డిలో చూసేదేముంది అనుకున్నాను.

బిగ్ బ్లూస్టెమ్ గడ్డి నా తల దాటిపోయింది. కంకి మూడు పాయలుగా విచ్చుకుని కోడికాలులా ఉంది. పక్కనే కంపాస్ మొక్క. దాని ఆకుల అంచులు ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉంటాయి, వేరు 15 అడుగుల లోతుకు దిగగలదు. ఒక ఆకు మీద వేలు పోనిచ్చాను, ఉప్పుకాగితంలా గరుకు. మా పెరట్లో లాన్ గడ్డిని పట్టి లాగితే చాపలా లేచి వచ్చేస్తుంది.

అయితే ఇది తనంతట తాను మిగిలిన గడ్డి కాదు. 1962లో రే షులెన్‌బర్గ్ అనే ఆయన, పాత శ్మశానాల్లోనూ రైలు పట్టాల పక్కనా నాగలి చేరని చోట్ల దొరికిన విత్తనాలు ఏరి తెచ్చి, సాగు నేలలో నాటడం మొదలుపెట్టాడు. మొలకలు చేత్తో నాటారు, కలుపు చేత్తో తీశారు. ఇలినాయ్‌లో ఒకప్పుడు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీ ఉండేది. చెడకుండా మిగిలింది సుమారు 2,500 ఎకరాలు.

అదంతా మన పని కాదనుకోవచ్చు. 1833 ఒప్పందంతో పొటవాటమీ ఆదివాసులను ఈ నేల నుంచి వెళ్లగొట్టింది మనం కాదు. 1837లో జాన్ డీర్ ఈ గడ్డినేలను దున్నగల ఉక్కు నాగలి చేసే నాటికి మన ముత్తాతలకు ఈ ఊరి పేరైనా తెలియదు. నిజమే. కానీ మనం వచ్చాక ఏం చేశాం?

మా కమ్యూనిటీలో ఒక చెరువుంది. దాని గట్టున మిల్క్‌వీడ్, ఇంకా ఏవో పూల మొక్కలు పెరిగేవి. మోనార్క్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది మిల్క్‌వీడ్ మీదే. చూడ్డానికి చిందరవందరగా ఉంది, పాములొస్తాయి, ఇళ్ల ధరలు పడిపోతాయి అన్నారు. మీటింగులో వాటిని తీసేయాలని చేతులెత్తినవాళ్లలో మన తెలుగువాళ్లమే ఎక్కువ. నేను ఎత్తలేదు. అలాగని వద్దనీ అనలేదు. రేపు పిల్లల పుట్టినరోజుకు ఒకరింటికొకరు వెళ్లాల్సినవాళ్లం, పేచీ ఎందుకని ఊరుకున్నాను. మరుసటి వారం గట్టు నున్నగా గొరిగేశారు. మా లాన్‌కీ ఏటా మందు కొట్టించాను. పిల్లల్ని గడ్డి మీదకు రానివ్వొద్దని మందు కొట్టేవాళ్లు ఒక చిన్న జెండా గుచ్చి వెళ్లేవారు. ఆ జెండా చూసి పిల్లల్ని లోపలికి పిలిచానే గానీ, ఈ మందు ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఈ చూపు మనకు ఇక్కడ అబ్బింది కాదు. మాది కర్నూలు వైపు. రోళ్లపాడు గడ్డినేలల్లో బట్టమేక పిట్ట తిరిగేది. పంట పండని ఆ నేలను మనం బీడు అన్నాం. బీడు అన్నాక దాన్ని ఏం చేసినా ఎవరికీ బాధ అనిపించలేదు. ఏళ్లుగా అక్కడ బట్టమేక కనబడటం లేదు. బీడు అనే ఆ మాటను వెంటబెట్టుకునే ఇంత దూరం వచ్చాం.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా అమ్మాయి అడిగింది, "నాన్నా, మన చెరువు దగ్గర ఇలాంటివి ఎందుకు లేవు?"

"ఉండేవమ్మా. మేమే తీయించేశాం."

అది ఇంకేమీ అడగలేదు.

వచ్చే నెల మళ్లీ మీటింగు ఉంది. ఆ గట్టును కోయకుండా వదిలేయమని ఈసారి అడుగుతాను. మీ ఇళ్ల మధ్యా అలాంటి గట్టు ఒకటి ఉండే ఉంటుంది. మీరూ అడగండి.