తేదీ ఒక్కటే చాలదు, బడికి డబ్బు కూడా రావాల

ఈ వారం గూళ్ళ ధర పక్కన పెట్టి బడి మాట మాట్లాడదాం.

ఇది అక్టోబర్ 2021. మన కర్ణాటకలో 9 నుంచి పై తరగతులు ఆగస్టు 23న, 6 నుంచి 8 వరకు సెప్టెంబర్ 6న తెరిచినారు. 1 నుంచి 5 చదివే చిన్నపిల్లలు మాత్రం 2020 మార్చి నుంచి ఇంటి దగ్గరే ఉన్నారు. హోసూరు వైపు మనవాళ్ళకు తమిళనాడు సర్కారు నవంబర్ 1 అని తేదీ చెప్పేసింది. ఆంధ్రలో ఆగస్టు 16నే మొదలైనాయి. మనకూ నేడో రేపో ఆర్డర్ వస్తుంది. చిన్న తరగతులు తెరవాల్సిందే, ఇంక ఆలస్యం వద్దు. కానీ ఆర్డర్ కాగితం ఒక్కటే వచ్చి, బడి ఖాతాలోకి పైసా రాకపోతే మళ్ళీ మూతే గతి.

చాకీ సంగతి మనకు ఒకరు చెప్పనక్కర లేదు. రెండో జ్వరం లోపల పురుగుకు లేత ఆకు, తగిన వేడి, తేమ అందకపోతే, తర్వాత ఎంత మంచి ఆకు వేసినా గూడు గట్టిగా రాదు. అందుకే డబ్బు పోయినా సరే అని చాకీ కేంద్రం నుంచి పురుగులు తెచ్చుకుంటాం. ఒకటో తరగతి, రెండో తరగతి కూడా చాకీయే. అప్పుడు అక్షరం పట్టుకోని బిడ్డ ఐదో తరగతికి వచ్చినా తడబడతానే ఉంటాడు.

నష్టం లెక్కలు చూడండి. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వాళ్ళు కర్ణాటకతో కలిపి ఐదు రాష్ట్రాల్లో సర్కారు బడుల పిల్లలు 16,067 మందిని పరీక్షించినారు. ముందు ఏడాది వచ్చిన భాషా నైపుణ్యాల్లో ఒక్కటైనా మరిచిపోయినవాళ్ళు 92 శాతం. లెక్కల్లో 82 శాతం. పోయిన నెల వచ్చిన ఇంకో సర్వేలో, పల్లె పిల్లల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నది 8 శాతమేనని తేలింది. 37 శాతం అసలు పుస్తకమే పట్టలేదు.

మన ఇండ్లలో దెబ్బ ఇంకా ఎక్కువ. కోలారు, చిక్కబళ్ళాపుర పల్లెల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడ. బిడ్డ చెవిన కన్నడ పాఠం పడేది బడిలోనే. ఒకటిన్నర ఏడాది ఆ మాట వినకపోతే రాయడం ఎట్ల వస్తుంది? ఇంట్లో అమ్మ నేర్పుదామన్నా ఆ లిపి ఆమెకు రాదు.

మన తప్పు కూడా ఒప్పుకోవాల. నాలుగో జ్వరం దాటినాక పురుగు మేత చూస్తే కండ్లు తిరుగుతాయి, కూలోళ్ళు దొరకరు. ఇంట్లోనే ఉన్నారు కదా అని పిల్లల్ని ఆకు కోతకు పంపినాం, చంద్రికలకు పురుగులు ఎక్కించడానికి కూర్చోబెట్టినాం. ఒక పంటకని మొదలైంది, నాలుగు పంటలకు అలవాటైంది. బడి తెరిచినాక ఆ చేతులు వెనక్కి ఇవ్వడం మనకు కష్టమే. అయినా ఇవ్వాల.

భయపడేవాళ్ళను నేను తప్పు పట్టను. పోయినేడు ఆగస్టులో విద్యాగమ అని గుడి అరుగుల మీద, చెట్ల కింద పాఠాలు మొదలుపెట్టినారు. మేష్ట్రులకు, పిల్లలకు కరోనా వస్తోందని అక్టోబర్‌లో ఆపేసినారు. ఆలోచన మంచిదే, ఏర్పాట్లు చాలలేదు. ఇప్పుడు పరిస్థితి వేరు. ఐ.సి.ఎం.ఆర్. నాలుగో సర్వేలో 6 నుంచి 9 ఏండ్ల పిల్లల్లోనే 57.2 శాతం మందికి యాంటీబాడీలు కనిపించినాయి. తెరిస్తే ముందు ప్రైమరీ బడులే తెరవవచ్చని ఆ సంస్థ పెద్ద బలరామ్ భార్గవ జూలైలోనే చెప్పినారు, టీచర్లకు, సిబ్బందికి టీకాలు వేయించి ఉండాలన్న షరతుతో.

మరి ఏర్పాట్లంటే ఏంది? పంట ఎత్తినాక షెడ్డు కడగకుండా, బ్లీచింగ్, సున్నం కొట్టకుండా మనం కొత్త పురుగులు దించుతామా? బడికీ అంతే. కానీ ఒక్కసారి మందు చల్లి ఫోటో తీసుకుంటే పని అయిపోదు. ఈ జబ్బు గాలిలో పాకేది. పురుగులు ఇరుకైతే, గాలి ఆడకపోతే రోగం వస్తుందని తెలిసిన మనకు కిటికీల విలువ తెలుసు. బిగుసుకుపోయిన కిటికీలు తెరవాల, విడివిడిగా కూర్చోబెట్టాల, కొళాయిలో నీళ్ళు రావాల, సబ్బు ఉండాల, మరుగుదొడ్డి రోజూ కడగాల.

కడగడానికి డబ్బెక్కడ? సమగ్ర శిక్షలో 30 దాటి 100 లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయలు. సుద్దముక్క నుంచి చిన్న రిపేర్ల దాకా అన్నీ అందులోనే. దాంట్లో కనీసం 10 శాతం శుభ్రతకు వాడాలంటారు. అంటే 2,500. ఏడాదికి 200 రోజులు బడి జరిగితే రోజుకు పన్నెండున్నర రూపాయలు. దాంట్లో సబ్బు కొనాలా, ఫినాయిల్ కొనాలా, కడిగే మనిషికి కూలి ఇవ్వాలా? కరోనా కాలానికి సర్కారు వేరే గ్రాంటు ఇవ్వాల, అదీ బడి తెరవక ముందే.

అంతవరకు మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చే డబ్బులో 60 శాతం నీళ్ళకు, పారిశుధ్యానికే. అందులోంచి బడి కొళాయి, మరుగుదొడ్డి బాగు చేయించమని గ్రామసభలో లేచి అడగండి. మల్బరీ నాటడానికి నరేగా వాడుకున్నట్టే బడి మరుగుదొడ్డికీ వాడుకోవచ్చు. ఎస్.డి.ఎం.సి. మీటింగుకు పోండి, గ్రాంటు ఎంత వచ్చింది, ఎంత ఖర్చైంది అని మర్యాదగానే లెక్క అడగండి. అది మన హక్కు. బియ్యం, బేడలు ఇంటికి ఇచ్చి చేతులు దులుపుకోకుండా బడిలో వేడి అన్నం కూడా మొదలుపెట్టమనండి.

మీ ఊరి బడిలో కొళాయి పనిచేస్తోందా, కిటికీలు తెరుచుకుంటాయా? రేపు ఆకు కోసి వచ్చేటప్పుడు ఒకసారి తొంగి చూసి గుంపులో రాయండి. ఎవరి ఊర్లో ఏం కావాలో తెలిస్తే అందరం కలిసి అడగవచ్చు.