కంప్యూటర్ కబుర్లు: 128 మెట్ల అవతల కన్నడం

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో. మన పిల్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. అమ్మమ్మ ఫోనులో పంపిన తెలుగు కబురు చదివి వినిపిస్తే అర్థమవుతుంది, చేతికిస్తే చదవలేరు. తెలుగు మాటను వాళ్లకు వచ్చిన లిపిలో చూపే చిన్న ప్రోగ్రాము ఉంటే ఈ ఇబ్బంది కొంత తీరుతుంది.

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. యూనికోడ్ పట్టికలో మన 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221. తేడా 128. 'మ'కైనా 'ర'కైనా అంతే తేడా. మన దేశపు లిపులను ఒకే వరుసలో పేర్చిన ఇస్కీ పద్ధతిని యూనికోడ్ అనుసరించడమే దీనికి కారణం. తెలుగు సంఖ్యలోంచి 128 తీసేస్తే తమిళం, 256 తీసేస్తే ఒడియా, 768 తీసేస్తే మరాఠీ రాసే దేవనాగరి వస్తాయి.

ఈ సంగతి మామూలు మాటల్లో చెబితే ఏఐ సహాయకుడు నిమిషాల్లో ప్రోగ్రాము రాసిచ్చింది. కన్నడం చక్కగా వచ్చింది. తమిళంలో 'గోదావరి' అడిగితే గ, ద లున్న చోట ఖాళీ డబ్బాలు కనిపించాయి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు అక్షరం ఒక్కటే కదా! ఒడియాలో 'ఎలుక'కూ అదే గతి. అక్కడ హ్రస్వ 'ఎ' లేదు. ప్రోగ్రాము మాత్రం ఏ లోపమూ లేనట్టే నడిచింది.

మరి 'గ'ను ఎలా చూపాలి? ఉత్త 'క'గానా, లేక తమిళ లిపిలో అచ్చయ్యే స్తోత్ర పుస్తకాల్లోలాగా 'క' పక్కన 3 అంకె వేసా? చదివే పిల్లవాడికి ఏది సులువో తమిళనాట ఉన్న మనవాళ్లే చెప్పాలి.

ఇలాంటివాటిని ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా వాడుకొని దిద్దుకొనేలా లైసెన్సు రాసి విడుదల చేస్తారు. విడుదలతో బాధ్యత తీరదు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 పంక్తుల ప్యాకేజీని దాని రచయిత తొలగించగానే, దానిమీద ఆధారపడ్డ ఎన్నో ప్రోగ్రాముల తయారీ ఆగిపోయింది.

అందుకే చదువరులకు ఒక మనవి. ప్రోగ్రాములు రాయడం రానక్కరలేదు. మీ ఇంట వాడే తెలుగు మాటలు ఇరవై తీసుకొని, వాటిని మీ రాష్ట్రపు లిపిలో మీరు ఎలా రాస్తారో పక్కపక్కనే రాసి పంపండి. ప్రోగ్రాము మారినప్పుడల్లా దాన్ని పరీక్షించడానికి ఆ జాబితాయే ఆధారం. దాన్ని ఏఐ చేత రాయిస్తే దాని పనికి అదే మార్కులు వేసుకున్నట్టవుతుంది.