పంటి పోటుకు మాత్ర - కిడ్నీకి చేటు

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పంటి నొప్పిని ఎవరూ జబ్బుగా లెక్కచేయరు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళతారు. ఆవు మేత మానేస్తే పశువుల ఆస్పత్రికి తోలుకుపోతారు. పన్ను సలిపితే మాత్రం లవంగం నొక్కిపెట్టి ఊరుకుంటారు. అప్పటికీ తగ్గకపోతే మందుల షాపులోనో, కిరాణా కొట్టులోనో రెండు నొప్పి మాత్రలు కొని మింగి పనికి పోతారు. ఆ పూటకు నొప్పి ఉండదు. పన్ను కింద చీము మాత్రం అలాగే ఉంటుంది. నాలుగు రోజులకు మళ్లీ నొప్పి, మళ్లీ మాత్ర!

ఈ అలవాటు ఎక్కడైనా మంచిది కాదు. ఉద్దానంలో అయితే మరీ ప్రమాదం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో జిల్లా ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. దాని అసలు కారణం ఏమిటో శాస్త్రజ్ఞులు ఇంకా ఇదమిత్థమని తేల్చలేదు. నొప్పి మాత్రలే కారణమనడం కూడా సరికాదు. అయితే ఒక సంగతిలో వైద్యులకు భేదాభిప్రాయం లేదు. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలకు చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో కొబ్బరి తోటలోనో, జీడి తోటలోనో చెమటోడ్చి, ఒంట్లో నీరు తగ్గిన మనిషికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కిడ్నీలు అప్పటికే కొంత చెడి ఉంటే (మొదట్లో ఆ సంగతి రోగికే తెలియదు) మిగిలిన కాస్త శక్తి కూడా పోవచ్చు. కొద్దిసేపట్లో తీయించుకోగల పిప్పి పన్ను కోసం నెలల తరబడి మాత్రలు మింగడం ఏం లాభసాటి బేరం?

తప్పంతా జనానిదే అనడం మాత్రం న్యాయం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా పళ్ల డాక్టరు ఉండరు. పన్ను చూపించుకోవాలంటే పట్నం వెళ్లాలి. బస్సు ఖర్చుతో పాటు ఆ రోజు కూలి కూడా పోతుంది. మాత్ర చవక అనిపించడంలో వింతేముంది? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకాన్ని కూడా అప్పుడే ప్రారంభించారు. రెండూ హర్షించదగినవే. ఆ శ్రద్ధలో పదో వంతు పళ్ల మీద పెట్టినా, వారానికి ఒక రోజు పళ్ల డాక్టరు మండలానికి రావడం అసాధ్యం కాదు. చీటీ లేనిదే నొప్పి మాత్రలు అమ్మకుండా అధికారులు మందుల షాపులను కట్టడి చేయడమూ అవసరమే. కిరాణా కొట్లలో అసలు అమ్మనీయకూడదు.

చక్కెర వ్యాధి ఉన్నవారి సంగతి వేరు. చక్కెర ఎక్కువైతే చిగుళ్లు వాచి, రక్తం కారి, పళ్లు కదులుతాయి. చిగుళ్లలో చీము నిలిస్తే చక్కెర అదుపులోకి రావడం మరింత కష్టం. చివరకు ఆ చక్కెరే కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇక డయాలసిస్ రోగులకు రోగ నిరోధక శక్తి తక్కువ కాబట్టి పంటి చీము చిన్న విషయం కాదు. కిడ్నీ మార్పిడికి ముందు పళ్లు పరీక్షించి, చీము ఉంటే నయం చేయడం కూడా అందుకే. గుండె కవాటాలు చెడినవారు పన్ను తీయించుకునే ముందు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. దవడ కింద వాపు మెడకు దిగి, మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే మాత్రలతో కాలయాపన చేయకుండా వెంటనే పెద్దాస్పత్రికి చేర్చాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఆ సామెత మాటతీరు గురించి పుట్టింది గాని, పళ్ల డాక్టర్లు కూడా వాడుకోవచ్చు!

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, పేస్టుతో పళ్లు తోముకుంటే సగం బాధలు దగ్గరికి రావు. వేపపుల్ల మెత్తగా నమిలి వాడితే అభ్యంతరం లేదు. ఇటుక పొడి, బొగ్గు, కచ్చిక మాత్రం పంటి పైపొరను అరగదీస్తాయి.

జిల్లాలో మరొక అలవాటు ఉంది. పంటి పోటుకు పొగాకు మంచిదని నమ్మి చుట్ట పట్టినవారు ఉన్నారు. తీరప్రాంత గ్రామాల్లో ఆడవాళ్లు, ముఖ్యంగా వయసు మళ్లినవారు, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం నేటికీ పూర్తిగా పోలేదు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించారు. అంగిలి మీద తెల్లమచ్చ నొప్పి పెట్టదు కనుక మామ్మ ఎవరికీ చెప్పదు. ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్త, నర్సు ఇంటికి వచ్చినప్పుడు రక్తపోటు, చక్కెర చూసి కాగితం నింపుకుని వెళ్లిపోకూడదు. మామ్మ చేత నోరు తెరిపించి, టార్చిలైటు వేసి అంగిలి కూడా చూడాలి. వాళ్లు మరచిపోతే ఇంట్లోవాళ్లే అడిగి చూపించాలి.