కుర్రవాళ్లతో పరుగు



పౌలు భక్తుడు పరుగు పందెమును గూర్చి వ్రాసిన మాటల మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను గాని, 44 ఏండ్లు వచ్చేవరకు పరుగెత్తి ఎరుగను. 2023లో రక్తములో చక్కెర ఎక్కువైనదని డాక్టరుగారు చెప్పి, రోజూ నడవమన్నారు. తెల్లవారుజామున 5 గంటలకు మా ఊరి హైస్కూలు మైదానమునకు వెళ్లేవాడిని. అక్కడ ఏడెనిమిది మంది యౌవనస్థులు కానిస్టేబుల్ ఉద్యోగము కొరకు పరుగు సాధన చేసేవారు. కొన్ని నెలలు నా నడక చూచి, "అయ్యగారూ, నడిచింది చాలు, మాతో రండి" అన్నారు. డాక్టరుగారిని అడిగి, కాన్వాసు బూట్లు కొనుక్కొని వారితో చేరాను.

ఆ పిల్లల కష్టము చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఉద్యోగాల ప్రకటన 2022 నవంబరులో వచ్చింది. ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మాత్రము 2024 డిసెంబరు చివరిలో గాని మొదలు కాలేదు. ఒక్క రోజు పరీక్ష కొరకు ఇంచుమించు రెండేండ్లు ఒళ్లు సిద్ధముగా ఉంచుకోవలసి వచ్చింది. పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాలలో పరుగెత్తాలి. దానితోపాటు 100 మీటర్ల పరుగులోనో లాంగ్ జంప్‌లోనో నెగ్గాలి.

మా మైదానములో సున్నముతో గీసిన చుట్టు 200 మీటర్లు. రెండు చుట్లు వేగముగా, రెండు నిమిషాలు మెల్లగా నడక, మరల రెండు చుట్లు. ఇట్లు ఆరు విడతలు. మొదటి రెండు సులభముగానే గడుస్తాయి. మూడవ దానిలో ఊపిరి బరువెక్కుతుంది. అయిదవ దానిలో తొడలు రాళ్లవుతాయి, నోరు ఎండుతుంది, "ఈ వయస్సులో నీకెందుకు?" అని మన మనస్సే మనలను అడుగుతుంది. విచిత్రమేమంటే, ఆరవది అయిదవ దానికంటె తేలిక. ఇదే చివరిదని కాళ్లకు తెలిసిపోతుంది కాబోలు.

ఒక ఉదయము నాలో పంతము పుట్టింది. పిల్లలు నన్ను దాటిపోకూడదనుకొని మొదటి విడతనుండే వారితో సమానముగా పరుగెత్తాను. నాలుగవ దానిలో ఎడమ పిక్కలో సూది గ్రుచ్చినట్లయింది. ఓర్చుకోవడమే ధైర్యమనుకొన్నాను. అయిదవ దాని సగములో వెనుకనుండి ఎవరో కఱ్ఱతో కొట్టినట్లై కూలబడ్డాను. మూడు వారాలు కుంటుతూ, ఆదివారము ప్రసంగ పీఠమును పట్టుకొని నిలువవలసి వచ్చింది. మా ఇంటావిడ కాపడము పెడుతూ, "పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లుంది మీ సంగతి" అన్నది. ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ మూడు వారాలలో నేను నేర్చుకొన్నదేమంటే, బాధలు రెండు రకాలు. ఎగఊపిరి, రెండు తొడల బరువు, మనస్సు గొణుగుడు - ఇది శ్రమ. దీనిని త్రోసుకొని వెళ్లవచ్చును. ఒక్క కాలిలో, ఒక్క చోట, పదునుగా పుట్టి నడక తీరునే మార్చేది దెబ్బ. అక్కడ ఆగాలి. రొమ్ము పట్టేసినా, కళ్లు తిరిగినా, నొప్పి ఎడమ చేతికి ప్రాకినా ఆ క్షణమే ఆగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

వయస్సును కూడా ఒప్పుకోవాలి. 30 దాటిన తరువాత, శ్రమలో శరీరము ప్రాణవాయువును వాడుకొనే శక్తి పదేండ్లకు సుమారు పదవ వంతు తగ్గుతుంది. సాధన మానని వారిలో ఆ తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది. కుర్రవాళ్ల అలసట ఒక్క రాత్రి నిద్రతో తీరుతుంది. నాకు రెండు రోజులు పడుతుంది. అందుచేత గట్టి పరుగు వారమునకు రెండుసార్లే పెట్టుకొన్నాను. తక్కిన రోజులలో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత మెల్లగా వెళ్తాను.

వయస్సు మళ్లినవాడు పరుగెత్తి ఏమి సాధిస్తాడని కొందరు అడుగుతారు. న్యూజీలాండు దేశస్థుడు జాక్ ఫోస్టర్ 30 ఏండ్లు దాటిన తరువాతనే పరుగు మొదలుపెట్టాడు. 1974లో క్రైస్ట్‌చర్చ్ నగరములో జరిగిన కామన్‌వెల్త్ క్రీడల మారథాన్‌లో, 41 ఏండ్ల వయస్సులో, 2 గంటల 11 నిమిషాల 18 సెకన్లలో రెండవవాడుగా వచ్చి రజత పతకము పొందాడు. మొదట వచ్చిన ఇంగ్లండు యువకుడు ఇయాన్ థామ్సన్‌కు అప్పుడు 24 ఏండ్లు.

నేను మరల మైదానమునకు వెళ్లినప్పుడు ప్రతి విడతను సరిగా 2 నిమిషాలకు ముగించాలని గడియారము పెట్టుకొన్నాను. మొదటిదెంతో ఆరవదీ అంతే. పిల్లలు ముందుకు వెళ్లిపోయేవారు. వారిలో ఒక కూలివాని కుమారుడు ప్రతిసారి మొదటి రెండు విడతలు అందరితో దూకి, నాలుగవ దానికి గోడ ప్రక్కన చతికిలబడేవాడు. అతని 1600 మీటర్లు 8 నిమిషాల 20 సెకన్లకు తగ్గేది కాదు. ఒకనాడు నా ప్రక్కకు వచ్చి, "అయ్యగారూ, ఈ రోజు మీతోనే వస్తాను" అన్నాడు. 400 మీటర్లకు 2 నిమిషాలంటే 1600కు సరిగా 8 నిమిషాలని మా ఇద్దరికీ అప్పుడే తట్టింది! ఇంతకాలము వెనుకబాటు అనుకొన్నది అతనికి కావలసిన వేగమే.

ఆ ఉదయము ఆరు విడతలూ ముగించాడు. నాకు మాత్రము అయిదవది మునుపటివలెనే ఉన్నది. ఆగిపోదామనిపించినప్పుడు, నేను ఆగితే ఇతడూ ఆగుతాడనే తలంపు నన్ను లాక్కొనిపోయింది. రెండు నెలలలో అతడు నన్ను దాటి వెళ్లాడు. పరీక్షనాడు పరుగును 7 నిమిషాల 51 సెకన్లలో ముగించాడు.

అయితే 2025లో వచ్చిన తుది ఫలితాలలో అతని సంఖ్య లేదు. వ్రాత పరీక్షలో మార్కులు చాలలేదు. నాలుగు రోజులు మైదానమునకు రాలేదు. నేను ఇంటికి వెళ్లి పిలువలేదు. ఏమి చెప్పాలో నాకు తోచలేదు. అయిదవ నాడు చీకటితోనే వచ్చి, నాకంటె ముందు గీత దగ్గర నిలుచున్నాడు. "ఎన్ని విడతలు, తమ్ముడూ?" అని అడిగాను. "ఆరు, అయ్యగారూ. మళ్లీ ప్రకటన రాకపోతుందా!" అన్నాడు.

ఇంటిలో పెద్దవారైన సహోదరులారా, మీ పిల్లలతో పోటీ పడమని నేను చెప్పను. వైద్యుని అడిగి, నడకతో మొదలుపెట్టి, వారు శ్రమపడే చోటికి వెళ్లి మీకు తగిన వేగముతో మీరూ శ్రమపడండి. ఇప్పుడు నేను ఆ అబ్బాయికి 20 అడుగులు వెనుకనే పరుగెత్తుచున్నాను. మలుపు దగ్గర ఒకసారి తిరిగి చూస్తాడు. నేను వస్తూనే ఉంటాను.