టన్ను సామాను... చిటికెడు బంగారం!

ఎటు చూసినా మంచు. ఎదురుగా నిచ్చెన వేసినట్టు నిటారుగా ఓ కొండ. దాని మీదికి చీమలబారులా వేలమంది మనుషులు. ఒక్కొక్కరి వీపు మీదా పాతిక ముప్పై కిలోల మూట. పైకెక్కి మూట దించడం, జారుకుంటూ కిందికి రావడం, మళ్లీ మూట ఎత్తుకోవడం... ఒకసారీ రెండుసార్లూ కాదు, ముప్పై నలభైసార్లు! 1897-98 చలికాలంలో అలాస్కాలోని చిల్‌కూట్ కనుమ దగ్గర దృశ్యమిది. ఇంత కష్టమూ బంగారం కోసం. ఆ బంగారమేమో అక్కణ్నుంచి ఇంకా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది!

ఇప్పుడు ఆ దారి చూడ్డానికి వెళ్లేవాళ్లకు మోత బాధ లేదు. సామాను డిక్కీలో, మనుషులు మెత్తటి సీట్లలో, కబుర్లు చెప్పడానికి ముందు సీట్లో గైడ్. అలాస్కాలోని స్కాగ్వేలో బయల్దేరి, కెనడాలోని యుకాన్‌ను దాటి, మళ్లీ అలాస్కాలోనే ఉన్న టోక్ చేరేసరికి సుమారు వెయ్యి కిలోమీటర్ల ప్రయాణం. యుకాన్ విస్తీర్ణం 4.82 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా అందులో అరవై శాతం ఉండవు. జనం మాత్రం 2021 లెక్కల ప్రకారం నలభై వేల మంది... అంటే ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత. అందుకే బస్సు గంటల తరబడి వెళ్తున్నా కిటికీలోంచి కనిపించేది అడవీ, నదీ, కొండలే. మధ్యలో రోడ్డు దాటే ఎలుగుబంటో, చెరువులో మెడ దాకా దిగి గడ్డి మేసే మూస్ దుప్పో కనిపిస్తే డ్రైవరు బండి ఆపేస్తాడు. అందరూ కెమెరాలు తీస్తారు. ఎవరూ కిందికి మాత్రం దిగరు!

ఊళ్లు ఖాళీ చేసిన వార్త

1896 ఆగస్టు. క్లోండైక్ నదిలో కలిసే ర్యాబిట్ క్రీక్ అనే చిన్న వాగులో బంగారం కనిపించింది. కనిపెట్టిన బృందంలో ముగ్గురున్నారు. టాగిష్ తెగకు చెందిన స్కూకమ్ జిమ్, అతని మేనల్లుడు చార్లీ, జిమ్ చెల్లెలు కేట్‌ని పెళ్లాడిన అమెరికన్ జార్జ్ కార్మాక్. ఆ మారుమూల నుంచి వార్త బయటికి రావడానికి ఏడాది పట్టింది. 1897 జులై 17న పోర్ట్‌లాండ్ అనే ఓడ సియాటిల్ రేవులో ఆగింది. అందులోంచి బంగారం నింపిన సంచులతో, పెట్టెలతో మనుషులు దిగారు. ‘టన్ను బంగారం’ అని పత్రికలు రాశాయి.

అసలే అమెరికాలో అది కరవుకాలం. 1893లో మొదలైన ఆర్థిక మాంద్యంతో బ్యాంకులు మూతపడి, ఉద్యోగాలు ఊడి జనం అల్లాడుతున్నారు. ఇక చెప్పేదేముంది! గుమస్తాలు, పంతుళ్లు, మంగలివాళ్లు, డాక్టర్లు పోలోమంటూ బయల్దేరారు. సియాటిల్ మేయరే పదవికి రాజీనామా చేసి ఓడెక్కేశాడు. అలా సుమారు లక్షమంది ప్రయాణం కట్టారని అంచనా. వాళ్లలో పార పట్టిన అనుభవం ఉన్నవాళ్లు తక్కువ. యుకాన్ చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

తీగ లేని టెలిగ్రాఫ్

ఓడలు ఆగే రేవే స్కాగ్వే. ఇప్పుడక్కడ చెక్క కాలిబాటలు, రంగురంగుల పాతకాలపు దుకాణాలు, షికారు ఓడల నుంచి దిగే పర్యాటకులు. అప్పుడు మాత్రం పేరుమోసిన దొంగల అడ్డా. సోపీ స్మిత్ అనేవాడు అక్కడో టెలిగ్రాఫ్ ఆఫీసు పెట్టాడని చెబుతారు. క్షేమంగా చేరామని ఇంటికి కబురు పంపడానికి జనం అయిదేసి డాలర్లు కట్టేవాళ్లు. తమాషా ఏంటంటే, ఆ ఊరికసలు టెలిగ్రాఫ్ లైనే లేదు! ఆఫీసు గోడలోంచి బయటికొచ్చిన తీగ కొంతదూరం వెళ్లి ఆగిపోయేదట. 1898 జులైలో జరిగిన కాల్పుల్లో సోపీ చనిపోయాడు. అతణ్ని ఎదిరించిన ఫ్రాంక్ రీడ్ కూడా ఆ గాయాలతోనే కొద్దిరోజులకు కన్నుమూశాడు. ఇద్దరి సమాధులూ ఆ ఊరి శ్మశానంలోనే ఉన్నాయి.

స్కాగ్వే దగ్గర దారి రెండుగా చీలేది. పక్కనున్న డయీ నుంచి చిల్‌కూట్ కనుమ మీదుగా ఒకటి, స్కాగ్వే నుంచి వైట్ పాస్ మీదుగా రెండోది. కొండెక్కాక సరిహద్దులో కెనడా పోలీసులు కాపు కాసేవాళ్లు. ఏడాదికి సరిపడా తిండి, పనిముట్లు చూపిస్తేనే లోపలికి పంపేవాళ్లు. పిండి, బీన్స్, పంది మాంసం, గుడారం, రంపం, మేకులు అన్నీ కలిపి దాదాపు టన్ను బరువు! వినడానికి ఇది కఠినంగానే ఉంటుంది కానీ, ఆ నిబంధన లేకపోతే అవతల ఆకలి చావులే. మంచులో చెక్కిన 1500 మెట్ల మీదుగా ఆ టన్నును విడతలు విడతలుగా మోసుకెళ్లాలి. 1898 ఏప్రిల్ 3న ఆ దారిలో మంచు పెళ్లలు విరిగిపడి అరవై మందికి పైగా చనిపోయారు.

వైట్ పాస్‌లో మోత గుర్రాలది. బక్కచిక్కినవీ ముసలివీ అని చూడకుండా కొని, మొయ్యలేనంత బరువెత్తి తోలారు. సుమారు మూడు వేల గుర్రాలు ఆ దారిలో ప్రాణాలొదిలాయి. ఆ చోటుకి ‘డెడ్ హార్స్ గల్చ్’... చచ్చిన గుర్రాల లోయ అనే పేరు ఉండిపోయింది. 1898లో మొదలుపెట్టి 1900 జులైకల్లా ఆ కొండల్లో రైలు మార్గం వేశారు. అప్పటికి బంగారం వేట ముగిసిపోయింది! 1982లో మూతపడ్డ ఆ రైలు 1988 నుంచి పర్యాటకుల కోసం మళ్లీ తిరుగుతోంది. కిటికీ పక్క సీటు కోసం పోటీపడిన ప్రయాణికులు ఆ లోయ కథ వినేసరికి కాసేపు మాట్లాడరు.

కేట్ ఇల్లు ఇక్కడే

సరిహద్దు దాటాక వచ్చే చిన్న ఊరు కార్‌క్రాస్. ఒకప్పుడు కారిబూ దుప్పుల మందలు అక్కడే నీళ్లు దాటేవి. అసలు పేరు ‘కారిబూ క్రాసింగ్’ అలా వచ్చిందే. ఊరి పక్కనే ఇసుక తిన్నెలు. మంచుకొండల మధ్య ఎడారి ఏంటని పిల్లలు పరుగులు తీస్తారు. పూర్వం అక్కడున్న సరస్సు అడుగు ఇసుకే అది.

స్కూకమ్ జిమ్, కేట్‌ల ఊరు కూడా ఇదే. స్కూకమ్ అంటే బలవంతుడు. ఒకసారి చిల్‌కూట్ మీదుగా 70 కిలోల పంది మాంసం ఒక్కడే మోశాడు మరి. వాగులో బంగారం దొరికినప్పుడు మొదటి హక్కు మాత్రం కార్మాక్ పేరునే రాశారు. ఆదివాసీని కనిపెట్టినవాడిగా ఎవరూ ఒప్పుకోరన్నది అప్పటి మాట. డబ్బు వచ్చాక కార్మాక్ ఏరు దాటి తెప్ప తగలేశాడు. కేట్‌ను వదిలేసి 1900లో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆమె కార్‌క్రాస్ తిరిగొచ్చి, అన్న అండతో బతికి, 1920లో ఫ్లూ జ్వరంతో చనిపోయింది. కెనడా గనుల రంగ ప్రముఖుల జాబితాలో ఆమె పేరు చేర్చింది 2019లో. అంటే కన్నుమూసిన తొంభై తొమ్మిదేళ్లకి!

తెల్లగుర్రాల జూలు

కొండలు దాటినవాళ్లు బెనెట్ సరస్సు ఒడ్డున చెట్లు నరికి, వాటితోనే పడవలు కట్టుకున్నారు. 1898 మే చివర్లో మంచు కరగ్గానే ఏడు వేలకు పైగా పడవలు బయల్దేరాయి. ఇరుకైన మైల్స్ కాన్యన్‌లో, దాని కింది సుడుల్లో పడవలు ముక్కలవుతుంటే పోలీసు అధికారి శామ్ స్టీల్ కొత్త నిబంధన పెట్టాడు. ఆడవాళ్లూ పిల్లలూ ఒడ్డున నడవాలి, నేర్పున్న సరంగు ఉంటేనే పడవ కదలాలి. ఎగిరే నురగ తెల్లగుర్రాల జూలులా కనిపించేదని ఆ సుడులకు వైట్‌హార్స్ అని పేరు. యుకాన్ రాజధాని పేరు అదే. 1958లో కట్టిన ఆనకట్ట కింద ఆ సుడులు మునిగిపోయాయి.

వైట్‌హార్స్ జాతకం మార్చింది బంగారం కాదు, రోడ్డు. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాక, అలాస్కాకు నేల మీద దారి కావాలనుకుంది అమెరికా సైన్యం. 1942లో దాదాపు ఎనిమిది నెలల్లో అడవిలోంచి సుమారు 2700 కిలోమీటర్ల అలాస్కా హైవే వేసేసింది. పనిచేసిన పదివేల పైచిలుకు సైనికుల్లో మూడోవంతు నల్లజాతివాళ్లు. ఆ తర్వాత నదిలో ఆవిరి పడవల పని అయిపోయింది. 1953లో రాజధాని హోదా కూడా డాసన్ నుంచి ఇక్కడికొచ్చేసింది.

కొండను తవ్వి...

వైట్‌హార్స్ నుంచి డాసన్‌కి 530 కిలోమీటర్లు. కింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల కావడంతో రోడ్డు అలల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఊరు దగ్గరపడే కొద్దీ రోడ్డు పక్కన పెద్దపెద్ద గులకరాళ్ల గుట్టలు, కిలోమీటర్ల కొద్దీ వరసగా, మెలికలు తిరిగిన గొంగళిపురుగుల్లా! అవి డ్రెడ్జర్లు నది అడుగు తోడి పోసిన రాళ్లు. 1912లో కట్టిన అలాంటి ఓ డ్రెడ్జర్ బొనాంజా వాగు దగ్గర ఇప్పటికీ ఉంది. ఎనిమిదంతస్తుల ఎత్తున్న ఆ చెక్క యంత్రం 1959 దాకా పనిచేసింది. ర్యాబిట్ క్రీక్‌కి తర్వాత పెట్టిన పేరే బొనాంజా.

బయల్దేరిన లక్షమందిలో డాసన్ చేరింది ముప్పై నలభై వేల మంది. బంగారం కళ్లచూసింది నాలుగు వేల మంది. మిగతావాళ్లు వచ్చేసరికి మంచి స్థలాలన్నీ ముందున్నవాళ్ల పేరు మీద ఉన్నాయి. దొరికినవాళ్లకైనా సుఖం లేదు. గడ్డకట్టిన నేలను రాత్రంతా నిప్పులతో కరిగించి పగలు తవ్వాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే! తెలివైనవాళ్లు పార పట్టకుండానే సంపాదించారు. 1897లో వచ్చిన బెలిండా మల్రూనీ బట్టలు, వేడినీళ్ల రబ్బరు సంచులు తెచ్చి అమ్మింది. మరుసటి ఏడాదికల్లా ఊళ్లో మేటి హోటల్ కట్టించింది. జాక్ లండన్ అనే కుర్రాడు రోగంతో ఉత్త చేతుల్తో తిరిగెళ్లాడు. కానీ ఆ చలికాలం ఇచ్చిన కథలే అతణ్ని గొప్ప రచయితను చేశాయి. 1899లో నోమ్‌లో బంగారం పడిందన్న కబురు రాగానే డాసన్ వేల సంఖ్యలో ఖాళీ అయింది.

ఇప్పుడు అక్కడ పదిహేను వందల పైచిలుకు మంది ఉంటారు. మట్టి వీధులు, చెక్క కాలిబాటలు అలాగే ఉంచారు. కింది మంచు కరిగి ఒరిగిపోయిన పాత ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చినట్టుంటాయి. జూన్‌లో సూర్యుడు అర్ధరాత్రి దాటాకే అస్తమిస్తాడు, నిద్రపోదామనుకునేలోపే మళ్లీ ఉదయిస్తాడు. వాగులో పళ్లెం పట్టి ఇసుక కడిగే సరదా పర్యాటకులకూ ఉంది. గంటసేపు నడుం వంచాక గోరు మీద నిలిచేంత రవ్వ మెరిస్తే ఆ సంబరమే వేరు!

దాచిన పాటలు

డాసన్ నుంచి యుకాన్ నదిని దాటించే ఫెర్రీకి టిక్కెట్టు లేదు. అవతల ‘టాప్ ఆఫ్ ద వరల్డ్’ రోడ్డు కొండల వెన్ను మీదుగా సాగి అలాస్కాలోని చికెన్ అనే ఊరికి చేరుస్తుంది. అక్కడ దొరికే టార్మిగన్ పక్షి పేరు పెడదామనుకుని, దాని స్పెల్లింగ్ తెలియక ఊరికి ‘కోడి’ అని పెట్టేశారట! ఈ దారి వేసవిలోనే తెరుస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు మొదటివారం దాకా వెళ్లడం మంచిది. భారతీయులకు రెండు దేశాల వీసాలూ కావాలి. మధ్యలో ఫోన్లు పలకవు, పెట్రోలు బంకులు అరుదు.

ఇదే దిక్కుగా ఒకప్పుడు ఇంకో సంపద వెళ్లింది. క్లోండైక్ అన్న మాట ‘ట్రోన్‌డెక్’ అన్న పేరును పలకలేక తెల్లవాళ్లు చేసుకున్నది. అక్కడ తరతరాలుగా సాల్మన్ చేపలు పట్టుకుని బతికిన ట్రోన్‌డెక్ హ్వెచిన్ ప్రజలను బంగారం జనం కమ్మేశారు. వాళ్ల చేపల మకాం కాస్తా గనివాళ్ల వాడ అయిపోయింది. వాళ్లు నదికి దిగువన మూస్‌హైడ్‌కి తరలిపోవాల్సి వచ్చింది. ఈ గోలలో తమ పాటలూ నాట్యాలూ మిగలవని గ్రహించాడు వాళ్ల పెద్ద చీఫ్ ఐజాక్. వాటిని అలాస్కాలో, టోక్ సమీపంలోని టానక్రాస్ ప్రాంతపు బంధువర్గానికి నేర్పి, దాచిపెట్టమని అప్పగించాడు. చీఫ్ ఐజాక్ 1932లో కన్నుమూశాడు. పాటలు మాత్రం అక్కడ భద్రంగా ఉన్నాయి. 1990ల్లో ఆయన ముని తరంవాళ్లు వెళ్లి నేర్చుకుని, వాటిని ఇంటికి తెచ్చుకున్నారు.

అన్నీ తిరిగి రాలేదు. యుకాన్ నదిలో చినూక్ సాల్మన్లు తగ్గిపోవడంతో వాటిని పట్టడం ఏడేళ్లపాటు ఆపాలని 2024లో అమెరికా, కెనడా అధికారులు ఒప్పందం చేసుకున్నారు. చేపలు ఆరబెట్టే పందిళ్లు ఖాళీగా ఉన్నాయి. అయినా మూస్‌హైడ్‌లో రెండేళ్లకోసారి జరిగే జాతరలో డప్పు మోగుతుంది, పిల్లలు ఆ పాటలే పాడతారు. 2023లో ట్రోన్‌డెక్-క్లోండైక్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బంగారం దొరికినందుకు మాత్రమే కాదు, ఆ తాకిడికి తట్టుకుని నిలబడ్డ మనుషులున్నందుకు కూడా.

లక్షమంది వెతుక్కుంటూ వచ్చిన బంగారం ఎవరెవరి చేతులో మారి ఎటో వెళ్లిపోయింది. నమ్మి అప్పగించిన పాటలు మాత్రం అడిగిన రోజున చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి.